వల విసరటంలో త్వరణం, సామర్థ్యం

వర్షాకాలపు వరద తీసిన తరువాత నాగావళి శ్రీకాకుళం పట్టణం పక్కన ఇసుకతిన్నెల మధ్య పాయలుగా చీలి పారుతుంది. అటువంటి పాయలలో మోకాటిలోతు నీటిలో నిలిచి చేపలు పట్టటానికి అనువైన సాధనం విసురు వల. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర, చంపావతి సముద్రంలో కలిసే విజయనగరం జిల్లా కోనాడ దగ్గర, ఊరూరా ఉన్న చెరువులలోను ఇదే వల పనికివస్తుంది. దీనికి పడవ అక్కరలేదు, తోడు మనిషి అక్కరలేదు. ఒక మనిషి, ఒక వల చాలు.

కాని వల ఉన్నంతమాత్రాన చేప పడదు. కొత్తగా నేర్చుకొనే యువకుడు, కండబలం ఎంత ఉన్నా, బలమంతా ఉపయోగించి విసిరితే వల ముద్దగా నీటిలో పడుతుంది. బక్కపలచని వృద్ధుడు ఏమంత శ్రమ పడినట్టు కనబడకుండా నడుము తిప్పి విసిరితే అదే వల గాలిలో గొడుగువలె విప్పుకొని గుండ్రంగా నీటిమీద వాలుతుంది. ఈ తేడా చూపుకు మాత్రమే కాదు, కడుపుకు కూడా సంబంధించినది. వల కప్పే వైశాల్యం దాని వ్యాసార్థపు వర్గాన్ని బట్టి ఉంటుంది. పది వంతులు విప్పుకోవలసిన వ్యాసార్థం ఎనిమిది వంతులే విప్పుకొంటే, నూరు వంతుల వైశాల్యానికి బదులు 64 వంతులే చిక్కుతుంది. అనగా వల అంచు కాస్త ముడుచుకొన్నా, మూడింట ఒక వంతుకు మించిన నీరు, అందులోని చేపలు, చేజారిపోతాయి.

కండబలం ఎక్కువ ఉన్నవాడు ఓడిపోవటానికి, తక్కువ ఉన్నవాడు గెలవటానికి కారణమేమి? పాఠశాలలో చెప్పే గమన సూత్రాలే దీనికి జవాబు చెబుతాయి.

వల నిర్మాణం

విసురు వల శంకువు ఆకారంలో అల్లిన వల. కొనకు ఒక తాడు కట్టి, ఆ తాడు రెండవ కొసను విసిరేవాడు మణికట్టుకు తగిలించుకొంటాడు. వెడల్పైన అంచు చుట్టూ సీసపు గుళ్ళు వరుసగా కట్టి ఉంటాయి. కొన్ని వలలకు గుళ్ళ బదులు సన్నని ఇనుప గొలుసు ఉంటుంది. అంచును లోపలివైపు కొద్దిగా మడిచి కట్టటంవల్ల చుట్టూ చిన్న సంచులు ఏర్పడతాయి. వల నీటిలో మునిగి అడుగు తాకిన తరువాత తాడును మెల్లగా లాగితే గుళ్ళు ఒకదాని దగ్గరకు ఒకటి చేరి వల మూతి మూసుకొంటుంది. లోపలి చేప బయటకు దారి వెతుకుతూ సంచులలో చిక్కుతుంది.

ఇక్కడ గమనించవలసినది బరువు పంపిణీ. దారం చాలా తేలిక. వల బరువులో పెద్ద భాగం అంచునే ఉంటుంది. విసరటంలోని కిటుకు అంతా ఈ అంచు బరువులలోనే దాగి ఉన్నది.

త్వరణానికి దారి కావాలి

వేగం మారే రేటును త్వరణం అంటారు. నిశ్చలంగా ఉన్న వల చేతిని వదిలే క్షణానికి కొంత వేగం అందుకోవాలి. లెక్క సులభంగా ఉండటానికి వల 4 కిలోగ్రాములు తూగుతుందని, చేతిని విడిచేటప్పుడు సెకనుకు 6 మీటర్ల వేగం కలిగి ఉండాలని అనుకొనండి. అప్పుడు దాని గతిజశక్తి, ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో హెచ్చవేయగా, 72 జౌళ్ళు. ఎవరు విసిరినా, ఎట్లా విసిరినా, ఆ వేగం రావాలంటే వలపై ఇంత పని జరిగి తీరాలి.

అయితే ఆ పని ఎంత దూరంలో జరుగుతుందనేది విసిరేవాని చేతిలో ఉన్నది. అనుభవశాలి వలను వెనుకకు తీసికొని, నడుము తిప్పి, చేయి చాపి ముందుకు తెస్తాడు. ఈ విధంగా వల సుమారు మీటరున్నర దూరం అతని వశంలో ప్రయాణం చేస్తుంది. వేగపు వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే త్వరణం వస్తుంది: 36ను 3తో భాగించగా సెకనుకు సెకనుకు 12 మీటర్లు. బలం = ద్రవ్యరాశి × త్వరణం కనుక, వలను ముందుకు తోయటానికి 48 న్యూటన్ల బలం చాలు. ఇది దాదాపు 5 కిలోగ్రాముల బరువును ఎత్తిపట్టుకోవటానికి కావలసినంత. పట్టిన కాలం అర సెకను.

కొత్తవాడు నడుము కదపడు. చేతితో మాత్రమే ఒక్క కుదుపు ఇస్తాడు. అతని వల ముప్పాతిక మీటరు దూరమే ప్రయాణం చేస్తుంది. దూరం సగమైతే త్వరణం రెట్టింపై 24 అవుతుంది. బలం 96 న్యూటన్లకు పెరుగుతుంది. కాలం పావు సెకనుకు తగ్గిపోతుంది. ఈ రెట్టింపు బలాన్నంతా ఒక్క భుజమే మోయాలి. మోయలేకపోతే వలకు రావలసిన వేగం రాదు.

మంచెమీద నిలిచి పిట్టలను తోలే రైతు చేతిలోని ఒడిసెల చేసే ఉపకారం కూడా ఇటువంటిదే. చేతితో విసిరిన రాయి చేయి కదిలినంత మేరకే త్వరణం పొందుతుంది. ఒడిసెలలో పెట్టిన రాయి తాడు పొడవును వ్యాసార్థంగా చేసుకొని పెద్ద వృత్తంలో తిరుగుతుంది. దారి పెరిగింది కనుక అదే చేయి ఎక్కువ పని చేయగలుగుతుంది. అందుకే రాయి అంత దూరం పోతుంది.

బలం వేరు, సామర్థ్యం వేరు

వాడుక మాటలలో బలం, శక్తి, సామర్థ్యం అనేవి ఒకదాని బదులు ఒకటి వాడుతారు. భౌతికశాస్త్రంలో ఆ వీలు లేదు. బలంవల్ల వస్తువు కదిలితేనే పని జరిగినట్టు. పని జరిగే రేటు సామర్థ్యం. దీన్ని వాట్లలో కొలుస్తారు. ఒక సెకనులో ఒక జౌలు పని జరిగితే అది ఒక వాటు. యంత్రాల విషయంలో వాడే అశ్వసామర్థ్యం 746 వాట్లకు సమానం.

ఈ ప్రాంతపు ఇద్దరు ప్రసిద్ధులను తలచుకొంటే ఈ భేదం సులభంగా బోధపడుతుంది. వీరఘట్టంలో 1882లో జన్మించి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, 1942లో మరణించిన కోడి రామమూర్తినాయుడు కదలబోయే మోటారు కార్లను గొలుసులతో పట్టి ఆపేవాడని ప్రసిద్ధి. కారు కదలనంతసేపు స్థానభ్రంశం సున్న. కనుక కారుమీద ఆయన ప్రయోగించిన బలం అపారమైనా, భౌతికశాస్త్ర పరిభాషలో కారుమీద జరిగిన పని సున్న, సామర్థ్యమూ సున్న. ఆయన కండరాలు లోలోపల శక్తిని ఖర్చు చేస్తూ అలసిపోవటం వేరే సంగతి.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచినప్పుడు స్నాచ్ పద్ధతిలో 110 కిలోగ్రాములు, క్లీన్ అండ్ జెర్క్ పద్ధతిలో 130 కిలోగ్రాములు ఎత్తింది. 110 కిలోగ్రాములను ఒక మీటరు ఎత్తుకు చేర్చటానికి 1,078 జౌళ్ళ పని కావాలి. అంత పనిని 5 సెకన్లలో చేస్తే సామర్థ్యం 216 వాట్లు. అర సెకనులో చేస్తే 2,156 వాట్లు, అనగా దాదాపు 3 అశ్వసామర్థ్యాలు. బరువు అదే, ఎత్తు అదే. కాలం తగ్గటంవల్ల సామర్థ్యం పదింతలైంది. స్నాచ్‌లో బరువును మెల్లగా ఎత్తటం సాధ్యం కాదు. దానికి వేగం ఇచ్చి, అది పైకి పోతుండగా దేహం దాని కిందికి చేరాలి. అందుచేత ఆ పోటీలో పరీక్షకు వచ్చేది బలం ఒక్కటే కాదు, సామర్థ్యం కూడా.

ఇక మూడవవాడు వల విసిరే మనిషి. అనుభవశాలి 72 జౌళ్ళ పనిని అర సెకనులో చేస్తాడు. సగటు సామర్థ్యం 144 వాట్లు. కొత్తవాడు పావు సెకనులో చేయాలి కనుక అతనికి 288 వాట్లు కావాలి. అయితే సగటు ఒక్కటే చూస్తే చాలదు. ఏ క్షణంలోనైనా సామర్థ్యం బలాన్ని అప్పటి వేగంతో హెచ్చవేయగా వస్తుంది. స్థిరమైన బలంతో తోస్తే వేగం సున్న నుంచి క్రమంగా పెరుగుతుంది కాబట్టి, సామర్థ్యం కూడా సున్న నుంచి మొదలై వల విడిచే క్షణానికి గరిష్ఠం అవుతుంది. ఆ గరిష్ఠం సగటుకు రెట్టింపు: అనుభవశాలికి 288 వాట్లు, కొత్తవానికి 576 వాట్లు. విసురులో కష్టమైన భాగం మొదట కాదు, చివర ఉన్నది. కొత్తవాడు మొదటనే కుదిపి చివరకు చేయి వాల్చేస్తాడు. నేర్పరి మెల్లగా మొదలుపెట్టి చివరి క్షణానికి ఊపు పెంచుతాడు.

ఇక్కడ ఒక ఆశ్చర్యకరమైన లెక్క కూడా ఉన్నది. రోజుకు 200 సార్లు వల విసిరితే వలకు అందిన మొత్తం గతిజశక్తి 14,400 జౌళ్ళు. ఇది మూడున్నర కిలోకేలరీల కంటే తక్కువ. కండరాలు తాము ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగవ వంతునే పనిగా మార్చగలవు కనుక దానికి నాలుగింతలు వేసినా 14 కిలోకేలరీలు దాటదు. గుప్పెడు అన్నంలో అంతకంటే చాలా ఎక్కువ శక్తి ఉన్నది. మరి సాయంకాలానికి ఒళ్ళు హూనమయ్యేది ఎందుకు? విసిరినప్పుడల్లా తన దేహాన్ని కూడా తిప్పుకోవాలి. తడిసిన వలను లాగాలి. నీటి ఒరవడికి ఎదురు నిలవాలి. భుజం మీద, నడుము మీద 200 సార్లు గరిష్ఠ బలం పడాలి. కీళ్ళను అరగదీసేది ఈ గరిష్ఠ బలమే. దారి పొడిగించి బలం తగ్గించుకొన్నవాడు ముసలితనంలో కూడా వల విసరగలుగుతున్నాడంటే కారణం ఇదే.

దేహం ఒక గొలుసు

కండరానికి ఒక స్వభావం ఉన్నది. అది ఎంత వేగంగా కుంచించుకొంటే అంత తక్కువ బలం ఇవ్వగలదు. నోబెల్ బహుమతి గ్రహీత అయిన ఆంగ్ల శరీరధర్మశాస్త్రజ్ఞుడు ఏ. వి. హిల్ 1938లో ఈ సంబంధాన్ని ఒక సమీకరణంగా తెలియజేశాడు. కండరం పూర్తి వేగంతో కదిలేటప్పుడు బలం ఇవ్వలేదు; పూర్తి బలం ఇచ్చేటప్పుడు కదలలేదు. తన గరిష్ఠ వేగంలో సుమారు మూడింట ఒక వంతు వేగంతో కదిలేటప్పుడే అది గరిష్ఠ సామర్థ్యం ఇస్తుంది.

చేయి ఒక్కటే సెకనుకు 6 మీటర్ల వేగం సంపాదించాలంటే దాని కండరాలు బలం ఇవ్వలేని వేగాలకు పోవలసివస్తుంది. అందుకే నేర్పరి ఈ భారాన్ని పంచుతాడు. మొదట వెనుకకాలు నేలను తోస్తుంది. తరువాత తుంటి తిరుగుతుంది. దానిమీద నడుము, దానిమీద భుజం, దానిమీద మోచేయి, చివరకు మణికట్టు. కదిలే రైలులో ముందుకు నడిచేవాని వేగానికి రైలు వేగం కలిసినట్టు, ప్రతి అవయవం తన కింది అవయవం ఇచ్చిన వేగానికి తన వేగం కలుపుతుంది. ఏ కండరమూ అతివేగంగా పరుగెత్తనక్కరలేదు. ఒక్కొక్కటి తనకు అనువైన వేగంలోనే పనిచేస్తుంది. కాళ్ళ, నడుము కండరాలు చేతి కండరాలకంటే చాలా పెద్దవి కనుక శక్తిలో పెద్ద భాగం అక్కడనుంచే వస్తుంది. ఈ వరుస తప్పితే, అనగా నడుము తిరగకముందే చేయి విసిరితే, కింది అవయవాలు చేయదగిన పని చేయకుండానే వల చేతిని విడిచిపోతుంది.

వల ఎందుకు విప్పుకొంటుంది?

అపకేంద్ర బలంవల్ల వల విప్పుకొంటుందని చెప్పటం పరిపాటి. ఆ మాట లేకుండానే న్యూటన్ మొదటి సూత్రంతో ఈ విషయాన్ని తేటగా చెప్పవచ్చు. విసిరేటప్పుడు వలకు ముందుకు పోయే వేగంతో పాటు తిరుగుడు కూడా వస్తుంది. గుళ్ళన్నీ ఒక చిన్న వృత్తంలో తిరుగుతూ చేతిని విడుస్తాయి. విడిచిన తరువాత వాటిని వృత్తంలో ఉంచే పట్టు ఏదీ లేదు. అందుచేత ప్రతి గుండు తాను ఉన్నచోటినుంచి స్పర్శరేఖ వెంట తిన్నగా పోతుంది. వృత్తం చుట్టూ ఉన్న గుళ్ళన్నీ తమతమ స్పర్శరేఖల వెంట పోతే వాటి మధ్య ఎడం పెరిగి వృత్తం పెద్దదవుతుంది. బురదలో తిరిగే బండిచక్రం అంచునుంచి బురద చిమ్మినట్టే ఇదీ.

వృత్తం పెద్దదయినకొద్దీ తిరుగుడు మందగిస్తుంది. కోణీయ ద్రవ్యవేగం మారదు కనుక వ్యాసార్థం రెట్టింపైతే తిరిగే రేటు నాలుగవ వంతుకు పడిపోతుంది. విసిరిన క్షణంలో చురుకుగా తిరిగే వల నీటిని చేరేసరికి తిరుగుతున్నట్టే కనబడదు. తిరుగుడు పోలేదు, అది వెడల్పుగా మారింది.

తిరుగుడు ఇవ్వకుండా విసిరితే గుళ్ళన్నీ ఒకే దిశలో ఒకే వేగంతో పోతాయి. వాటి మధ్య ఎడం పెరగటానికి కారణమే లేదు. వల ముద్దగా పడుతుంది. ఎంత బలంగా విసిరితే ఆ ముద్ద అంత దూరం పడుతుందిగాని విప్పుకోదు. కండబలంగల కొత్తవాని ఓటమికి ఇది రెండవ కారణం.

పావు సెకను విలువ

గుళ్ళు విడిపోవటానికి కాలం కావాలి. ఆ కాలం వల గాలిలో ఉన్నంతసేపే. నీటికి 1.2 మీటర్ల ఎత్తులో వలను క్షితిజ సమాంతరంగా విసిరితే అది సుమారు అర సెకనులో నీటిని చేరుతుంది. అదే వేగంతో కొద్దిగా ఏటవాలుగా పైకి విసిరి, సెకనుకు 6 మీటర్లలో పైదిశ భాగం 2 మీటర్లు ఉండేటట్టు చేస్తే, అది 0.74 సెకన్లు గాలిలో ఉంటుంది. లాభం పావు సెకను.

ఈ పావు సెకనులో ఏమి జరుగుతుంది? గుళ్ళు అర మీటరు వ్యాసార్థం గల వృత్తంలో సెకనుకు ఒక చుట్టు చొప్పున తిరుగుతూ చేతిని విడిచాయనుకొనండి. అప్పుడు వాటి స్పర్శరేఖా వేగం సెకనుకు 3.14 మీటర్లు. అర సెకనులో ఒక్కొక్క గుండు సుమారు 1.55 మీటర్లు పోతుంది. కేంద్రం నుంచి దాని దూరం పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం సుమారు 1.6 మీటర్లు. 0.74 సెకన్లలో అయితే గుండు 2.3 మీటర్లు పోతుంది. కేంద్రం నుంచి దూరం సుమారు 2.4 మీటర్లు. మొదటి వల కప్పే వైశాల్యం 8 చదరపు మీటర్లు. రెండవది 18 చదరపు మీటర్లు. ఒక్క పావు సెకను వైశాల్యాన్ని రెట్టింపుకు మించి పెంచింది. దీనికై అదనంగా ఖర్చయిన శక్తి ఏమీ లేదు. విసిరిన దిశ మాత్రమే మారింది.

మరీ పైకి విసరటం కూడా తప్పే. వల పూర్తిగా చాచుకొన్నాక దారాలు బిగిసి గుళ్ళను లోపలికి గుంజుతాయి. అప్పటికి నీటిని చేరకపోతే అంచు ముడుచుకొనటం మొదలవుతుంది. సరిగా చాచుకొన్న క్షణంలోనే నీటిని తాకాలి. వల పరిమాణం, గాలివాటు, నిలిచినచోటి ఎత్తు మారితే ఈ లెక్క మారుతుంది. నేర్పరి ఈ లెక్కను కాగితంమీద వేయడు. వేలసార్లు విసిరిన అనుభవం అతని చేతికి దాన్ని నేర్పింది.

గాలి నిరోధం సన్నని దారాలమీద కూడా పనిచేస్తుంది. ఒకప్పుడు వలలు నూలుతో, జనపనారతో అల్లేవారు. ఆ దారాలు లావుగా ఉండి నీరు పీల్చేవి. 4 కిలోగ్రాముల వల నీరు పీల్చి 6 కిలోగ్రాములైతే, అదే 72 జౌళ్ళ పనికి వేగం సెకనుకు 6 మీటర్ల నుంచి 4.9 మీటర్లకు పడిపోతుంది. వాలెస్ కారొథర్స్ 1935లో అమెరికాలో తయారుచేసిన నైలాన్ చాలా తక్కువ నీరు పీలుస్తుంది. సన్నని దారమే గట్టిగా ఉంటుంది. నైలాన్ వలలు వ్యాపించిన తరువాత విసిరేవాని భుజంమీది భారం తగ్గింది.

ఈకను విసరటం ఎట్లా?

వలకు అంచున బరువు ఉన్నది కనుక విసరటం సాధ్యమైంది. విసరవలసిన వస్తువుకు బరువే లేకపోతే ఎట్లా? పక్షి ఈకను ఎంత బలంగా విసిరినా రెండు అడుగుల దూరంలో వాలిపోతుంది. దాని ద్రవ్యరాశి స్వల్పం. గాలి నిరోధం ఎక్కువ. ఐరోపా, అమెరికా దేశాలలో ట్రౌట్ చేపను పట్టేవారికి సరిగా ఈ చిక్కే ఎదురైంది. ఆ చేప నీటిమీద వాలే ఈగలను తింటుంది. అందుకని ఈకలు, వెంట్రుకలు గాలానికి చుట్టి ఈగను పోలిన ఎర తయారుచేస్తారు. ఈ ఈగ గాలపు వేట ఆంగ్లేయులతో భారతదేశానికి కూడా వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ ఈ దేశపు గాలపు వేటపై 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గ్రంథం ప్రచురించాడు.

ఈ వేటలో విసిరేది ఎరను కాదు, దారాన్ని. సాధారణ గాలపు దారం కాక, కావాలని లావుగా, బరువుగా చేసిన దారం వాడుతారు. దాని బరువును బట్టి అంకెలు ఉంటాయి. 5వ అంకె దారంలో మొదటి 30 అడుగులు సుమారు 9 గ్రాములు తూగుతాయి. ఆ దారం సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయినా దాని గతిజశక్తి 2 జౌళ్ళ లోపే. మరి ఇంత స్వల్పశక్తికి అంత నేర్పు ఎందుకు?

పొడవైన బద్ద మొదట మీటవలె పనిచేస్తుంది. చేయి కొద్దిగా కదిలితే బద్ద కొస పెద్ద దూరం కదులుతుంది. వల విసిరేవాడు నడుము తిప్పి సంపాదించిన దారిని ఇక్కడ బద్ద సమకూర్చుతుంది. అదే సమయంలో బద్ద విల్లువలె వంగి కొంత శక్తిని స్థితిజశక్తిగా దాచుకొని చివర తిరిగి ఇస్తుంది. అయితే పెద్ద భాగం మీట పనిదే. విసిరేవాడు మెల్లగా మొదలుపెట్టి క్రమంగా వేగం పెంచి ఒక్కసారిగా బద్దను ఆపుతాడు. మొదటనే కుదిపితే బద్ద అతిగా వంగి, దాని కొస కిందికి దిగి, దారం తనలో తాను చిక్కుపడుతుంది. నాగావళి ఒడ్డున కొత్తవాడు చేసే తప్పు ఇక్కడా తప్పే.

బద్ద ఆగగానే దారం మెలిక తిరుగుతుంది. మెలికకు కింది భాగం బద్దకు అంటి నిలిచిపోతుంది. పైభాగం ముందుకు పోతుంటుంది. మెలిక దారపు వేగంలో సగం వేగంతో ముందుకు జరుగుతుంది. అది జరిగినకొద్దీ నిలిచిన భాగం పెరిగి, కదిలే భాగం తరుగుతుంది. ఉన్న శక్తి అంతకంతకూ తక్కువ ద్రవ్యరాశిలోకి చేరుతుంది కనుక, గాలి నిరోధం వేగాన్ని హరిస్తున్నా, చివరి కొస తన వేగాన్ని నిలుపుకొని ఎరను ముందుకు తిప్పి నీటిమీద వాల్చుతుంది.

ఇదే సూత్రాన్ని బండివాని చెర్నాకోల పరాకాష్ఠకు తీసికొనిపోతుంది. కొరడా మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది. మెలిక కొసవైపు పరుగెత్తినకొద్దీ కదిలే ద్రవ్యరాశి తగ్గి వేగం పెరుగుతుంది. చివరకు అది ధ్వని వేగాన్ని, అనగా సెకనుకు సుమారు 340 మీటర్లను, మించిపోతుంది. అప్పుడు వినబడే ఛెళ్ళుమనే మోత తోలు తోలును తాకటంవల్ల వచ్చినది కాదు. ధ్వనికంటే వేగంగా పోయే విమానం పుట్టించే ఉరుమువంటి అఘాత తరంగం. ఆ తరంగానికి మూలం కొరడా కొస కాదు, దానిమీద పరుగెత్తే మెలికే అని 2002లో గోరియలీ, మక్‌మిల్లెన్ అనే శాస్త్రజ్ఞులు గణితంతో నిరూపించారు.

నీటిలోను పరీక్షే

వల నీటిని తాకటంతో పని ముగియదు. అలికిడికి చేప పరుగు తీస్తుంది. అంచు అడుగును చేరేలోపల అది బయటపడితే శ్రమ వృథా. గుళ్ళు త్వరగా మునగాలి. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం నీటిలో వస్తువు బరువు తగ్గుతుంది. 100 గ్రాముల రాయి నీటిలో సుమారు 62 గ్రాములుగా, ఇనుము 87 గ్రాములుగా, సీసం 91 గ్రాములుగా తూగుతుంది. పైగా సీసం చిన్న పరిమాణంలోనే ఎక్కువ బరువు కలిగి ఉంటుంది కనుక నీటి నిరోధం తక్కువ. వల అంచుకు సీసం కట్టటానికి ఇదే కారణం.

కాని సీసం విషలోహం. చేతులు చాలక వల అంచును పళ్ళతో పట్టుకొని విసిరే అలవాటు కొందరికి ఉన్నది. రోజూ కొద్దికొద్దిగా కడుపులోకి పోయిన సీసం దేహంలో, ముఖ్యంగా ఎముకలలో, నిలువ ఉంటుంది. పిల్లల మెదడుకు అది మరీ హానికరం. అంచును మోచేతిమీద, భుజంమీద సర్దుకొని విసరటం, గుళ్ళు ముట్టిన చేతులను కడిగిన తరువాతే తినటం, గుళ్ళు పోతపోసే చోటికి పిల్లలను రానీయకపోవటం అవసరం. ఈ సంగతి తీరగ్రామాల పాఠశాలలలో ఉపాధ్యాయులు పిల్లలకు తప్పక చెప్పదగినది.

పాఠశాల ఆవరణలో ఒక ప్రయోగం

ఈ విషయాలను పరీక్షించటానికి నది అక్కరలేదు. పాత దోమతెర నుంచి ఒక మీటరు వ్యాసం గల గుండ్రని ముక్క కత్తిరించి, దాని అంచు చుట్టూ సమాన దూరాలలో 16 చిన్న ఇనుప నట్లు కట్టాలి. నడుమ ఒక దారం ముడివేయాలి. ఆవరణలో ఎదుట ఎవరూ లేకుండా చూచుకొని, ఒక విద్యార్థి తిరుగుడు లేకుండా 10 సార్లు, తిరుగుడుతో 10 సార్లు విసరాలి. పడిన ప్రతిసారీ ఒకదానికొకటి లంబంగా రెండు వ్యాసాలు కొలిచి సగటు తీయాలి. తరువాత సమాంతరంగా 10 సార్లు, కొద్దిగా పైకి 10 సార్లు విసిరి ఇదే విధంగా కొలవాలి. వైశాల్యాలను పట్టికలో వేసి పోల్చాలి.

చేతిఫోనుతో పక్కనుంచి వీడియో తీస్తే మరింత తెలుస్తుంది. సెకనుకు 30 చిత్రాలు తీసే ఫోనులో ఒక్కొక్క చిత్రానికి మధ్య కాలం సెకనులో 30వ వంతు. వెనుక గోడమీద అర మీటరుకు ఒక గీత గీసి ఉంచితే, వరుస చిత్రాలలో చేయి ఎంత దూరం కదిలిందో చూచి వేగాన్ని, వేగాల తేడానుంచి త్వరణాన్ని లెక్కకట్టవచ్చు. కుదిపి విసిరినప్పుడు, క్రమంగా ఊపు పెంచి విసిరినప్పుడు వేగ-కాల రేఖలు ఎట్లా ఉంటాయో గీసి చూడాలి. తరగతిలో ఎవరి ఇంటనైనా వల విసిరే పెద్దవారు ఉంటే వారిని ఆహ్వానించి, వారి విసురును కూడా ఇదే విధంగా చిత్రించటం మంచిది. వారి రేఖకు, విద్యార్థుల రేఖకు గల తేడాలోనే ఈ పాఠమంతా ఉన్నది.

ఆ పెద్దవారికి త్వరణం, సామర్థ్యం అనే మాటలు తెలియకపోవచ్చు. కాని నడుము ఎప్పుడు తిప్పాలో, వల ఎప్పుడు వదలాలో, ఎంత పైకి విసరాలో వారికి తెలుసు. ఆ తెలిసినదానికి కారణం చెప్పటం శాస్త్రం పని. రెండూ ఒకేచోట కలిసినప్పుడు విద్యార్థికి సూత్రం గుర్తుంటుంది. చేపలు పట్టే ఇంటి బిడ్డకు తన ఇంటి పనిలోని శాస్త్రం కనబడుతుంది.